ముందు రోజులు లెక్కపెట్టండి, తర్వాత కోర్సు చెప్పండి

(జైళ్లలో చదువు, ఉపాధి మార్గదర్శనం చేయబోయే స్వచ్ఛంద శిక్షకుల తరగతిలో, నెల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ రిటైరైన టీచర్లు ఉన్నారు, పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు, వెనక వరసలో ఐటీఐ వాళ్లు కూడా కనిపిస్తున్నారు. మీలో కొందరు చెముడుగుంట సెంట్రల్ జైలుకి, కొందరు ఒంగోలు జైలుకి, మిగతావాళ్లు ఊళ్లలో ఉన్న సబ్ జైళ్లకి వెళ్తారు. ఎక్కడికెళ్లినా మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, ఏ కోర్సు చేస్తే బాగుంటది?"

దానికి వెంటనే జవాబు చెప్పొద్దు. టైలరింగ్ అనో, కంప్యూటర్ అనో నోటికొచ్చింది చెప్పేస్తే ఆయన ఆశ పెట్టుకుంటాడు. మూడు వారాల తర్వాత బెయిలొచ్చి వెళ్లిపోతాడు, లేదా వేరే జైలుకి మారుస్తారు. నేర్చుకున్నది సగంలో ఆగిపోతుంది, చేతికి కాగితం రాదు. ముందు మీరు తెలుసుకోవాల్సింది ఆయన దగ్గర ఎన్ని రోజులున్నాయన్నది. రిమాండ్‌లో ఉన్నాడా, శిక్ష పడిందా? వాయిదా ఎప్పుడు? అప్పీల్ వేశారా? రెమిషన్ (శిక్షలో ఇచ్చే తగ్గింపు) పోను విడుదల తేదీ ఎంతని రికార్డులో ఉంది? ఈ లెక్క తేలాకే కోర్సు మాట.

జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే మీ ఎదురుగా కూర్చునే వాళ్లలో ఎక్కువమందికి తాము ఎప్పుడు బయటపడతామో తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టంలో, 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందెప్పుడూ శిక్ష పడని మనిషి, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే బాండు మీద విడుదల చేయాలి. మిగతావాళ్లకి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నా వర్తించదు. ఆ గడువు నిండగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. మీరు లాయర్లు కారు కాబట్టి బెయిలు సలహాలు ఇవ్వొద్దు. కానీ ఒక మనిషికి ఆ గడువు దగ్గర పడిందని తెలిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాలంటీర్ చెవిలో వెయ్యండి. మీ క్లాసుని కూడా ఆ తేదీకి తగ్గట్టు కుదించుకోండి.

విచారణ ఖైదీకి ఏడాది కోర్సు పెట్టడం దండగ. ఆరు క్లాసుల ముక్కలుగా కొయ్యండి. ఒక్కో క్లాసు ముప్పావు గంట, గుంపులో ఎనిమిది నుంచి పన్నెండు మంది. ఏ క్లాసుకా క్లాసు అక్కడికక్కడ పూర్తవ్వాలి, నిన్నటిది వినకపోయినా ఇవాళ్టిది అర్థమవ్వాలి. ఎందుకంటే సోమవారం ఒకడికి వాయిదా ఉంటుంది, బుధవారం ఇంకొకడికి ములాఖత్ ఉంటుంది, ఎస్కార్టుకి పోలీసులు దొరక్క కోర్టుకి తీసుకెళ్లకపోతే ఆ మరుసటి రోజు మనిషి మనసు మనసులో ఉండదు. వరసగా ఆరు రోజులూ కూర్చునేవాడు గుంపులో ఒకరో ఇద్దరో ఉంటే గొప్ప. స్కూల్లోలాగా "పోయిన క్లాసులో చెప్పాం కదా" అని మొదలుపెట్టారో, కొత్తగా వచ్చిన నలుగురు గోడకి ఆనుకుని నిద్రపోతారు.

ప్రతి మనిషికీ ఒక కార్డు రాయండి. అట్ట కార్డు, అరచేతి సైజు చాలు. ఏ ముక్క పూర్తయింది, ఏ తేదీన, ఏం చేయగలడు అని రాసి, మీ సంతకం, జైలు ఉపాధ్యాయుడి సంతకం. రెండు కాపీలు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి జైలు ఆఫీసు ఫైల్లో. బదిలీ అయినప్పుడు ఫైలు కాపీ కూడా వెంట వెళ్లేలా డిప్యూటీ జైలర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. లేకపోతే కొత్త జైల్లో మళ్లీ అ, ఆ ల దగ్గర కూర్చోబెడతారు. దానికి విసిగి చదువే మానేసేవాళ్లు ఎక్కువ.

ఇక ఏం చెప్పాలి? చదువు రానివాడికి అక్షరాలు నేర్పడానికి చిలక బొమ్మ, పలక బొమ్మ ఉన్న పుస్తకం తీసుకెళ్లొద్దు. మన జిల్లాకి ఈ పాఠం కొత్తేం కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రి బడికొచ్చి, తమ ఇళ్లలో జరిగే సారా గోల పాఠంగా చదివారు. దూబగుంటలో అది సారా దుకాణం మూయించే దాకా వెళ్లింది. తన బతుకులో ఉన్న మాట కాగితం మీద కనిపిస్తే పెద్దవాళ్లకి అక్షరం తొందరగా పట్టుబడుతుంది. జైల్లో అలాంటి కాగితం ఒకటి అందరి దగ్గరా ఉంటుంది. అదే కేసు కాగితం.

దాన్నే పాఠం చెయ్యండి. తన పేరు, తండ్రి పేరు, ఊరు, పోలీస్ స్టేషన్ పేరు, క్రైం నంబరు, సెక్షన్లు, వాయిదా తేదీ. ఇవి గుర్తుపట్టి చదవడం మొదటి రెండు క్లాసులు. మూడో క్లాసు సీఎన్ఆర్ నంబరు. కోర్టుల వెబ్‌సైటు ఇ-కోర్ట్స్‌లో ప్రతి కేసుకీ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరొకటి ఉంటుంది. ఆ నంబరు తెలిస్తే ఇంట్లో వాళ్లు ఫోన్లోనే తర్వాతి వాయిదా చూసుకోవచ్చు. ఆయన దాన్ని తప్పు లేకుండా ఒక చీటీ మీద రాసి ములాఖత్‌లో తమ్ముడికి చెప్పగలిగిన రోజున, ఇక క్లాసుకి రమ్మని మీరు పిలవక్కర్లేదు. సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా దగ్గర అందరూ తడబడతారు, దానికో పావుగంట కేటాయించండి. నాలుగు, అయిదు క్లాసులు లెక్కలు: రోజుకూలి, అడ్వాన్సు, వడ్డీ. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం అని వేళ్ల మీద లెక్క కట్టించండి. ఆరో క్లాసు సంతకం, బ్యాంకు ఫారం, చిన్న అర్జీ.

ఈ స్థాయి దాటినవాళ్లని ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన అక్షరాస్యత కార్యక్రమం కింద జరిగే అక్షరాస్యత పరీక్షకి కూర్చోబెట్టొచ్చు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి యాభై చొప్పున మొత్తం నూట యాభై మార్కులు. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా రాయొచ్చు. మంచి మొదటి మెట్టు, భయపడాల్సిన పరీక్ష కాదు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగుతాను. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నలభై దాటిన మనిషి "నాకు చదువు రాదు సార్, చిన్నప్పుడు అయిదు దాకా పోయినా, అంతా మర్చిపోయినా" అంటాడు. చదువు మర్చిపోయి ఉండొచ్చు. చత్వారం కూడా అయి ఉండొచ్చు. కాగితం ఇచ్చి చూడండి. చేయి బారుగా చాపి, కిటికీ వెలుగుకి తిప్పి, కళ్లు చికిలించి చూస్తుంటే అది చదువు సమస్య కాదు. ఒకటిన్నర అడుగు దూరంలో కాగితం పట్టించి, పేపర్లో వచ్చే సైజు అక్షరాలు కనిపిస్తున్నాయా అడగండి. నలభై నుంచి నలభై అయిదేళ్ల లోపు వాళ్లకి సుమారుగా ప్లస్ ఒకటి, యాభై దగ్గర ప్లస్ ఒకటిన్నర, యాభై అయిదు దగ్గర రెండు, అరవై దాటితే రెండున్నర పవరు చదువుకునే అద్దాలు సరిపోతాయి. జైలు డాక్టరుకి చెప్పి చూపించండి, ఎందుకంటే అందరిదీ చత్వారమే కాదు, శుక్లాలుంటాయి, షుగరుతో వచ్చే చూపు తేడా ఉంటుంది. ఫ్రేము ప్లాస్టిక్‌ది తెప్పించండి, ఇనప ఫ్రేములకి గేటు దగ్గర అభ్యంతరం రావచ్చు. మీరు ప్రింటు తీసే పాఠం కూడా పదహారు పాయింట్లకి తగ్గకుండా తీయండి. పుస్తకాలకి పిన్నులు కొట్టొద్దు, దారంతో కుట్టించండి.

మొదటిసారి కూర్చుని మాట్లాడేటప్పుడు నేరం గురించి అడగొద్దు. మీకు అవసరం లేదు, పైగా విచారణలో ఉన్న కేసు గురించి ఆయన మీకు చెప్పే మాట రేపు ఆయనకే ఇబ్బంది తేవచ్చు. వయసులో చిన్నవాడైనా "మీరు" అనండి. వార్డర్లు వాళ్ల పద్ధతిలో పిలుస్తారు, అది వాళ్ల సంగతి. మీరు అడగాల్సింది చేతుల గురించి. "లోపలికి రాకముందు ఏం పని చేసేవారు?" జవాబు తెలుసుగా, "కూలి పనే సార్." అక్కడ ఆగితే మీ పని సున్నా. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు మనిషి "గుంటల కాడ కూలికి పోతా ఉంటి" అంటే, అవి రొయ్యల చెరువులు, ఆ మాటని విప్పాలి. మేత తూచేవారా? చెక్ ట్రే చూసి రొయ్య ఎంత తిన్నదీ చెప్పగలరా? ఏరేటర్లు (నీళ్లకి గాలి అందించే మోటార్లు) ఏ టైములో వేయాలో ఎవరు చెప్పేవారు? జనరేటర్ స్టార్ట్ చేశారా? రొయ్య పట్టే రోజున ఐసు ఏ పాళ్లలో కలిపేవారు? అలా విప్పితే కూలి అన్న మాటలోంచి అయిదారు నైపుణ్యాలు బయటకొస్తాయి. అవి కార్డు మీద ఒక్కొక్కటిగా రాయండి. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్‌లో చేసినవాడైనా, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర మంట చూసినవాడైనా అంతే. బ్యారన్‌లో ఏ దశలో ఎంత వేడి ఉంచాలో తెలిసిన మనిషి, థర్మామీటరు చూసి నిర్ణయం తీసుకోగల మనిషి. ఆయన్ని "నైపుణ్యం లేనివాడు" అని ఫారంలో రాస్తే ఆ తప్పు ఫారం నింపినవాళ్లదే.

పని గురించే ఇంకో మాట. జైల్లో ఎవరు ఊడ్చాలి, ఎవరు వండాలి అన్నది కులాన్ని బట్టి పంచే పద్ధతిని 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో కొట్టేసింది. జైలు రికార్డుల్లో కులం కాలమ్‌నే తీసేయమంది. మీ కార్డు మీద కూడా ఆ గడి వద్దు. "మీ వాళ్లు చెప్పులు కుట్టేవాళ్లు కదా, ఆ ట్రేడ్ తీసుకోండి" లాంటి సలహా నోటి చివర దాకా వచ్చినా మింగేయండి.

శిక్ష పడి, కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు చేతిలో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఓపెన్ స్కూలు. రాష్ట్ర ఓపెన్ స్కూలు ఉంది, ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, రెండింట్లోనూ పది, ఇంటర్ చదవొచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి రిజిస్టరయితే అయిదేళ్ల దాకా చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. సబ్జెక్టుకి ముప్పై మూడు శాతం వస్తే పాసు. ఒక్కోసారి ఒకటి రెండు సబ్జెక్టులే రాసి పాసవచ్చు, పాసైనవి నిలబడతాయి. ఖైదీకి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు. మధ్యలో విడుదలైనా బయట మిగతావి రాసుకుంటాడు. ఎప్పుడూ బడికి వెళ్లనివాళ్లు కూడా పదో తరగతి స్థాయి చదువు అందుకోగలమని స్వీయ ధ్రువీకరణ ఇచ్చి చేరొచ్చు, కానీ పుట్టిన తేదీకి రుజువు కావాలి. అంత దూరం ఇంకా రానివాళ్లకి ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని ఏ, బీ, సీ స్థాయిలున్నాయి. అవి మూడు, అయిదు, ఎనిమిది తరగతులకి సమానం. డిగ్రీకైతే ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ) ఉంది, ఖైదీలకి ఫీజు లేకుండా ప్రవేశాలిస్తుంది. ఏయే కోర్సులకి ఆ వెసులుబాటు ఉందో ప్రతి అడ్మిషన్ సీజన్‌లో అడిగి తెలుసుకోవాలి.

ఎనిమిదో తరగతి ఎందుకూ అని కొంతమంది చప్పరిస్తారు. పీఎంఈజీపీ, అంటే సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం, దాని కింద బ్యాంకు లోను తీసుకోవాలంటే, తయారీ యూనిట్ పది లక్షలు దాటినా, సర్వీసు యూనిట్ అయిదు లక్షలు దాటినా ఎనిమిదో తరగతి పాసు సర్టిఫికెట్ అడుగుతారు. రేపు ఆయన చీమకుర్తిలో చిన్న పాలిషింగ్ షెడ్ వేద్దామనుకుంటే అక్కడే ఆగిపోతాడు. ఆ పథకంలో గ్రామీణ ప్రాంతంలో జనరల్ వాళ్లకి ఇరవై అయిదు శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలకి ముప్పై అయిదు శాతం సబ్సిడీ ఉంది.

ఓపెన్ స్కూలు దరఖాస్తులు ఎక్కడ చెడతాయో చెప్తాను. అన్నిటికంటే ముందు పేరు. ఆధార్‌లో ఒక పేరు, చిన్నప్పటి స్కూలు రికార్డులో ఒక పేరు, ఛార్జిషీటులో ఇంటిపేరు ముందో వెనకో పెట్టి ఇంకో పేరు, దానికి తోడు అలియాస్. జైలు ఆఫీసులో దరఖాస్తు నింపే గుమాస్తా తన ముందున్న రిజిస్టరు చూసి నింపుతాడు. అది వారెంటులో ఉన్న పేరు. అలా వచ్చిన పదో తరగతి సర్టిఫికెట్ జీవితాంతం ఆధార్‌తో కలవదు. కాబట్టి దరఖాస్తు నింపేటప్పుడు ఆధార్ కాపీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, అలియాస్ ఎక్కడా రానివ్వొద్దు. రెండోది చిరునామా. జైలు చిరునామా రాస్తే సర్టిఫికెట్ ఎప్పుడో విడుదలైన మనిషి కోసం జైలుకొస్తుంది, అక్కడి బీరువాలో ఉండిపోతుంది. ఇంటి చిరునామా రాయించండి. ఇక ఫొటో విషయం. ఖైదీ దుస్తుల్లో తీసిన ఫొటో హాల్ టికెట్ మీద పడకుండా సూపరింటెండెంట్ అనుమతితో మామూలు చొక్కాలో తీయించండి. అడిగితే సాధారణంగా కాదనరు, ఎవరూ అడగకపోవడమే ఇబ్బంది.

పరీక్ష సెంటరు జైల్లోనే ఇస్తారా, బయటకి ఎస్కార్టు మీద తీసుకెళ్లాలా అన్నది రిజిస్ట్రేషన్ రోజే రాతపూర్వకంగా తేల్చుకోండి. పరీక్షకి వారం ముందు ఎస్కార్టు కోసం పరుగెత్తితే దొరకదు. అదే రోజు ఎవరికైనా వాయిదా ఉంటే లాయరుతో చెప్పించి ముందే కోర్టుకి మెమో వేయించాలి.

ఇప్పుడు చేతిపని. టైలరింగ్ మీద నాకు వ్యతిరేకత లేదు, కానీ జైళ్లలో ఆ ఒక్క ట్రేడే ఎందుకు ఎక్కువ కనిపిస్తుందో ఆలోచించండి. మిషన్లు ఉంటాయి, యూనిఫాం ఆర్డర్లు ఉంటాయి, నడపడం తేలిక. నేర్చుకున్నవాడు ఏ ఊరికి వెళ్తాడన్నది లెక్కలో ఉండదు. జైల్లో నేర్చేది నిక్కర్లు, చొక్కాలు వరసగా కుట్టడం. ఊళ్లో ఆదాయం వచ్చేది బ్లౌజుల్లో, పెళ్లి సీజన్‌లో. అది వేరే చెయ్యి. ట్రేడ్ ఎంచేటప్పుడు మూడు అడగండి. ఆ ఊరికి పది కిలోమీటర్ల లోపల ఆ పని అవసరమైనవాళ్లున్నారా? మొదటి రోజు పనిముట్లకి ఎంత కావాలి? పోలీసు సర్టిఫికెట్ లేకుండా చేయగల పనేనా?

ఈ మూడింటికీ మన తీరంలో బాగా సరిపడేది ఒకటి చెప్తాను: ఏరేటర్ మోటార్ రీవైండింగ్, అంటే మోటారులో కాలిన తీగచుట్లు తీసి కొత్తవి చుట్టడం. రొయ్యల గుంటల మీద రెండు హెచ్‌పీ ప్యాడిల్ వీల్ ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. ఉప్పు నీళ్లు, తేమ. సీలు అరిగిందంటే నీళ్లు లోపలికి దిగి వైండింగ్ కాలుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా వాటి మీద కరెంటు పెరిగి కాలుతుంది. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేది) మాటిమాటికీ పడుతోందని రైతు దాన్ని తప్పించి డైరెక్ట్ చేస్తాడు, అదీ కాలుతుంది. తెల్లారేసరికి ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలుతుంది కాబట్టి మోటారు ఆ రోజే బాగవ్వాలి. చేసేవాడి గతం ఆ గడియలో ఎవరూ అడగరు.

ఈ పనిలో అందరూ చేసే తప్పు ఒకటుంది. కాలిన వైండింగ్‌ని ముందు కోసేసి తర్వాత లెక్క వెతుకుతారు. నేర్పేటప్పుడు మొదటి వారం కటింగ్ ప్లేయర్ చేతికివ్వొద్దు, కాగితం ఇవ్వండి. నేమ్ ప్లేట్ మీద హెచ్‌పీ, వోల్టులు, ఆంపియర్లు, ఆర్‌పీఎం రాయాలి. స్లాట్లు ఎన్ని, ఇరవై నాలుగా, ముప్పై ఆరా? కాయిల్ ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కి వెళ్తోంది? కనెక్షన్ స్టారా, డెల్టానా? బొమ్మ గీయాలి. ఆ తర్వాతే ఒక కాయిల్ విప్పి చుట్లు లెక్కపెట్టాలి, ఇంకో కాయిల్ కూడా లెక్కపెట్టి రెండూ కలుస్తున్నాయా చూడాలి. వైరు గేజి కొలిచే ముందు పైనున్న ఎనామిల్ తీసేయాలి. అది తీయకుండా మైక్రోమీటర్ పెడితే వైరు లావుగా చూపిస్తుంది, ఆ గేజి తెచ్చి చుడితే స్లాట్లో పట్టదు. చుట్టాక వార్నిష్ పట్టించి బాగా ఆరబెట్టాలి. అయిదొందల వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) బాడీకి చూస్తే కనీసం ఒక మెగా ఓమ్ రావాలి, కొత్త వైండింగ్‌కి అంతకన్నా చాలా ఎక్కువే చూపించాలి. అప్పుడే కరెంటు ఇవ్వాలి. అంకెలు రాయడం, కూడడం వచ్చినవాడు రోజూ రెండు గంటలు కూర్చుంటే కొద్ది నెలల్లో చేయి తిరుగుతుంది. చూశారా, పాత ఆరు క్లాసుల లెక్కలు ఇక్కడ పనికొస్తాయి.

జైల్లో దీనికి ఇబ్బందులు లేకపోలేదు. రాగి తీగ. ఇచ్చేటప్పుడు తూచి ఇవ్వాలి, తీసుకునేటప్పుడు ముక్కలతో సహా తూచి తీసుకోవాలి. పనిముట్లకి ఒక చెక్క మీద వాటి ఆకారాలు గీసి తగిలించండి, ఒకటి లేకపోయినా ఖాళీ ఆకారం కనిపిస్తుంది. లెక్క తేలకుండా ఎవరూ షెడ్ దాటకూడదు. ఒక్క స్క్రూడ్రైవర్ తగ్గితే ఆ షెడ్ ఆరు నెలలు మూతపడుతుంది, అందులో జైలర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

పని ముందే వచ్చినవాళ్లని, ఉదాహరణకి పదేళ్లు తాపీ పని చేసిన మేస్త్రీని, మళ్లీ మొదటి నుంచి కోర్సులో కూర్చోబెట్టొద్దు. ఆర్‌పీఎల్ అని, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. తాపీ, వడ్రంగం, కమ్మరం, క్షౌరవృత్తి, వలలు అల్లడం, పడవలు చేయడం లాంటి పద్దెనిమిది వృత్తులకి 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ కూడా ఉంది. పదిహేను వేల విలువైన పనిముట్లు, మొదటి విడత లక్ష, తర్వాత రెండు లక్షల లోను అయిదు శాతం వడ్డీకి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు, కాబట్టి వాళ్లలో ఎవరైనా ఇప్పటికే తీసుకున్నారా అని ములాఖత్‌లో కనుక్కోమనండి.

మూసుకున్న తలుపులు కూడా చెప్పాలి, చెప్పకపోతే మోసం చేసినట్టే. సెక్యూరిటీ గార్డు ఉద్యోగం అందరికీ తేలిగ్గా గుర్తొస్తుంది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం కోర్టులో శిక్ష పడినవాళ్లని ఏజెన్సీలు పెట్టుకోకూడదు. కృష్ణపట్నం పోర్టు లాంటి చోట్ల గేటు పాసుకి సాధారణంగా పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. గల్ఫ్ వెళ్తామంటారు చాలామంది కుర్రాళ్లు. నైతిక పతనం కిందకొచ్చే నేరంలో రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే ఆ తర్వాత అయిదేళ్ల దాకా పాస్‌పోర్టు నిరాకరించొచ్చు. కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఏజెంటుకి డబ్బు కట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. డ్రైవింగుకి 2019 నుంచి ఎనిమిదో తరగతి నిబంధన తీసేశారు, అది మంచిదే. కానీ నేరానికి వాహనం వాడిన కేసుల్లో లైసెన్సు రద్దు చేసే అధికారం లైసెన్సింగ్ అధికారికి ఉంది.

కొన్ని తలుపులు తెరిచి ఉన్నా ఎవరూ చెప్పరు. పద్దెనిమిదేళ్ల లోపు జువైనల్ బోర్డు ముందుకెళ్లినవాడికి, పెద్దవాళ్లతో సమానంగా విచారించిన కేసు కాకపోతే, ఆ తీర్పు వల్ల ఏ అనర్హతా అంటదు. ప్రొబేషన్ చట్టం కింద విడిచిపెట్టినవాళ్లకీ ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు. సర్కారు ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసులు అడిగితే, కొట్టేసిన కేసయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. 2016లో అవతార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. నిజం రాసినవాడి సంగతి అధికారి పరిశీలించొచ్చు, దాచినవాడిని దాచినందుకే తీసేయొచ్చు.

ప్రైవేటు యజమానితో ఏం చెప్పాలంటారా? కావలి, కనిగిరి లాంటి ఊళ్లలో దాచడం కుదరదు, టీకొట్టు దగ్గరే తెలిసిపోతుంది. మూడు వాక్యాలు తయారుచేయించండి. ఒకటి, కేసయింది, శిక్ష అయిపోయింది. రెండు, లోపల ఇది నేర్చుకున్నాను, ఇదిగో కాగితం. మూడు, వారం పని చూసి చెప్పండి. అంతకు మించి వివరాలు, ఏడుపు, తప్పెవరిదన్న వాదన వద్దు. గుంపులో ఒకరిని యజమానిగా కూర్చోబెట్టి ఈ మూడు వాక్యాలూ పదిసార్లు అనిపించండి. మొదటిసారి అందరూ నేల చూపులు చూస్తారు.

విడుదలకి ఆరు నెలల ముందు మొదలుపెట్టాల్సిన పని వేరే ఉంది, అది ఫోన్ నంబరు. నవ్వకండి. తొంభై రోజులు వాడకపోతే సిమ్ ఆగిపోవచ్చు, ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆధార్‌కి, బ్యాంకుకి ఉన్నది ఆ నంబరే. బయటకొచ్చాక ఓటీపీ ఎవరికో వెళ్తుంది. ఓటీపీ లేకపోతే డిజిలాకర్ లేదు, పీఎం విశ్వకర్మ లేదు, లోను లేదు. అందుకని విడుదలైన మొదటి వారంలో చేయాల్సింది కొత్త సిమ్, దాంతో ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించడం. దానికి పత్రాలేమీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా కూడా నిద్రపోతుంది, కేవైసీ ఇచ్చి లేపాలి. జైలు కూలీ డబ్బు ఏ ఖాతాలో పడుతుందో, ఎంత పడిందో విడుదలకి ముందే రాయించుకోమనండి.

తేదీ కూడా చూడాలి. జాలరి మనిషి ఏప్రిల్ నెలాఖరులో విడుదలైతే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. జువ్వలదిన్నెలో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. చేతిలో డబ్బు లేని ఆ నెలన్నరే ప్రమాదం. ఆయనకి ఆ రోజులకి వల బాగుచేసే పనో, ఇంజన్ సర్వీసింగ్ పనో ముందే మాట్లాడి ఉంచాలి. గ్రానైట్ వైపు వెళ్లేవాడికి సీజన్ బెడద తక్కువ, దుమ్ము బెడద ఎక్కువ. తడి కటింగ్ ఉన్న యూనిటే చూడమనండి, మాస్కు గురించి చెప్పండి.

మహిళల గురించి తక్కువే చెప్పాను, అది వాళ్ల సంఖ్య తక్కువని కాదు. మన రాష్ట్రంలో మహిళలకి ప్రత్యేక జైళ్లు రాజమహేంద్రవరం, కడపల్లో ఉన్నాయి. శిక్ష పడ్డాక ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తారు, ములాఖత్‌కి ఇంటి నుంచి ఎవరూ అంత దూరం పోరు. వాళ్ల కార్డు, వాళ్ల ఓపెన్ స్కూలు ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఇక్కడ ఉండగానే చేతికివ్వండి. వాళ్లు తిరిగి వచ్చే ఊరి గ్రామ సచివాలయం, పొదుపు సంఘం పేర్లు కూడా దాని వెనక రాయండి. సంఘంలో సభ్యత్వం పోయి ఉంటే మళ్లీ చేర్చుకుంటారా అని ఇక్కడి నుంచి మీరే అడగొచ్చు, అడగడానికి ఆమె బయటకి వచ్చేదాకా ఆగక్కర్లేదు.

గేటు దాటేటప్పుడు చేతిలో ఉండాల్సిన కవరు ఇది: కార్డు, మార్కుల మెమోల జిరాక్సులు, ఆధార్ కాపీ, సీఎన్ఆర్ నంబరు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫోన్ నంబరు. ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. వారం ముందే ఇవ్వండి, ఆఖరి రోజు సాయంత్రం బస్సు కోసం పరుగెత్తే మనిషికి ఇస్తే సీట్లో వదిలేసి దిగుతాడు. ఖాళీ కార్డుల నమూనా మీ బల్లల మీద ఉంది. ఒకసారి నింపి చూడండి, ఎక్కడ తడబడ్డారో అడగండి.